ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా..? 'మదర్‌బోర్డ్ పోయింది' అనే మాట నమ్మే ముందు ఇవి చూడండి

పవర్ బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాన్ సౌండ్ లేదు, స్క్రీన్ నల్లగా అలాగే ఉంది. ఐదారేళ్లు దాటిన ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ సీన్ వస్తుంది. అది కూడా అప్లికేషన్‌కి లాస్ట్ డేట్ రోజో, ప్రాజెక్ట్ సబ్మిట్ చేసే ముందు రాత్రో వస్తుంది. షాపుకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే.. 'మదర్‌బోర్డ్ పోయింది'. నిజంగా పోయి ఉండొచ్చు. కానీ గోడలోని సాకెట్ నుంచి మదర్‌బోర్డ్ దాకా రావాలంటే కరెంట్ చాలా చోట్లు దాటాలి. కేబుల్, అడాప్టర్, ఛార్జింగ్ జాక్, బ్యాటరీ.. ఎక్కడ ఆగినా బయటికి కనిపించేది అదే నల్ల స్క్రీన్. ఎక్కడ ఆగిందో చాలావరకు ఇంట్లోనే, స్క్రూడ్రైవర్ పట్టుకోకుండానే తేల్చొచ్చు.

ఇది నాకు తెలిసింది నా ల్యాప్‌టాప్ వల్లే. డిగ్రీలో చేరినప్పుడు నాన్న కొనిచ్చింది. పీజీ ఫైనల్ ఇయర్‌లో, నల్గొండలో ఇంట్లో కూర్చుని డాక్యుమెంటరీ ఎడిటింగ్ చేస్తుంటే ఠక్కున ఆగిపోయింది. సబ్మిషన్‌కి ఇంకా నాలుగు రోజులే టైం. మొదటి షాపులో ఐదు నిమిషాలు చూసి, "బోర్డు పోయింది తమ్మీ.. ఏడున్నర వేలు అయితది" అన్నారు. అంత డబ్బు లేదు. ఇంకో చోటుకి తీసుకెళ్లా. అక్కడ కూర్చున్న పెద్దాయన ల్యాప్‌టాప్‌ని ముట్టుకోలేదు. "పిన్ను పెట్టంగనే అడాప్టర్ మీద లైటు ఆరుతుందా, ఉంటుందా?" అని అడిగారు. నేను ఎప్పుడూ గమనించలేదు. పెట్టి చూస్తే లైటు అలాగే ఉంది. "అయితే బోర్డు దాకా పోవద్దు" అని వెనక్కి తిప్పి విప్పారు. లోపల ఛార్జింగ్ జాక్ విరిగిపోయి ఉంది. రూ.600తో పని అయిపోయింది.

ఆ లైటు ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో కింద చెప్తాను. అంతకంటే ముందు చూడాల్సింది గోడ దగ్గర.

ముందు సాకెట్.. తర్వాతే ల్యాప్‌టాప్

నవ్వొచ్చినా సరే, అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే దాన్ని పక్కన పెట్టేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. పాత బాక్సుల్లో లోపలి రేకులు వదులై పిన్నును సరిగ్గా పట్టుకోవు. ఆ తర్వాత గోడ నుంచి అడాప్టర్‌కి వెళ్లే మూడు పిన్నుల కేబుల్ చూడండి. అడాప్టర్‌లోకి దూరే చివర లూజైతే కరెంట్ వస్తూ పోతూ ఉంటుంది. ఈ కేబుల్ చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లకి ఒకటే రకం. ఫ్రెండ్ దగ్గరో, పక్కింట్లోనో అడిగి మార్చి చూడొచ్చు.

ఇప్పుడు మన దగ్గర అందరూ అనే మాట.. "వోల్టేజ్ తక్కువ వస్తోంది, అందుకే ల్యాప్‌టాప్ పోయింది". ఇది సగమే నిజం. మీ అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. మన ఇళ్లకి రావాల్సింది 230 వోల్టులు. సాయంత్రం పూట మోటార్లన్నీ ఆన్ అయి వోల్టేజ్ 160కి పడిపోయి ఫ్యాన్ మెల్లగా తిరుగుతున్నా, అడాప్టర్ తన పని తాను చేసుకుపోతుంది. ఫ్రిజ్‌కి స్టెబిలైజర్ అవసరం కానీ ల్యాప్‌టాప్‌కి పెద్దగా అక్కర్లేదు. అడాప్టర్‌ని చంపేది తక్కువ వోల్టేజ్ కాదు, ఎక్కువ వోల్టేజ్.

అది ఎలా వస్తుందో పల్లెల్లో, పాత కాలనీల్లో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. వ్యవసాయానికి 24 గంటల కరెంట్ 2018 జనవరి 1న మొదలైంది, కోతలు తగ్గాయి. కానీ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి చెట్టు కొమ్మ లైన్ మీద పడితే న్యూట్రల్ వైర్ తెగొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజ్‌లు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజ్‌కి, న్యూట్రల్‌కి మధ్య 230 వోల్టులు ఉంటే, రెండు ఫేజ్‌ల మధ్య 400 దాకా ఉంటుంది. న్యూట్రల్ తెగితే ఆ 400ని ఇళ్లు తమలో తాము పంచుకుంటాయి. సమానంగా కాదు. ఏ ఇంట్లో తక్కువ లోడ్ ఉంటే ఆ ఇంటి మీదే ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. ఒక వీధిలో ఒకేసారి నాలుగు టీవీలు కాలిపోయాయని వింటాం చూడండి, అది చాలాసార్లు ఇదే.

గుర్తు పట్టడం తేలిక. ఒక ఇంట్లో బల్బు మసకగా, పక్కింట్లో కళ్లు చెదిరేలా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆఫ్ చేయండి. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ దక్షిణ తెలంగాణ డిస్కం టీజీఎస్పీడీసీఎల్ పరిధిలోనే ఉన్నాయి, ఫిర్యాదు నంబర్ 1912. ఉరుములు మొదలైతే స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ప్లగ్ మొత్తం పీకేయాలి. ఇంటర్నెట్ కేబుల్ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంటే అది కూడా. పిడుగు పడే అవకాశాన్ని ముందే చెప్పే 'దామిని' యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. పుణెలోని ఐఐటీఎం సంస్థ దాన్ని తయారు చేసింది.

ఇంకో మాట. ల్యాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? చాలాసార్లు ల్యాప్‌టాప్‌లో తప్పేం ఉండదు, ఇంటి ఎర్తింగ్ పనిచేయట్లేదు. మన నేల రాతినేల, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. అందుకే పాత ఇళ్లలో పెద్దవాళ్లు ఆ గుంతలో నీళ్లు పోస్తుండేవాళ్లు. అది చాదస్తం కాదు. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలిస్తే ఎర్త్ పూర్తిగా తెగిపోయినట్టే.

అడాప్టర్ లైటు చెప్పే సంగతి

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్న దగ్గరికొద్దాం. చాలా అడాప్టర్ల మీద గానీ, పిన్ను చివర గానీ చిన్న లైటు ఉంటుంది. ముందు ల్యాప్‌టాప్‌కి తగిలించకుండా అడాప్టర్‌ని సాకెట్‌లో పెట్టండి. లైటు వెలగకపోతే ప్లగ్ పీకి రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. షాక్ తిన్న అడాప్టర్ కొన్నిసార్లు తనని తాను ఆపేసుకుని, కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది. అప్పటికీ వెలగలేదు, కేబుల్ కూడా మార్చి చూశారు.. అయితే అడాప్టర్ పోయింది. సంతోషించండి, ఇది తక్కువ ఖర్చుతో పోయే రోగం. హై వోల్టేజ్ వచ్చినప్పుడు అడాప్టర్ తాను కాలిపోయి ల్యాప్‌టాప్‌ని కాపాడటం మామూలే.

లైటు వెలుగుతోంది, పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఆరిపోతోంది.. ఇక్కడే అసలు కథ. రెండు కారణాలుండొచ్చు. ఒకటి, అడాప్టర్ ముసలిదై లోడ్ మోయలేకపోతోంది. రెండు, ల్యాప్‌టాప్ లోపల ఎక్కడో షార్ట్ ఉంది, దాన్ని చూసి అడాప్టర్ భయపడి ఆగిపోతోంది. ఏది అనేది తేల్చడానికి అదే వోల్టేజ్, అదే పిన్ను ఉన్న మరో అడాప్టర్ పెట్టి చూడాలి. అది కూడా ఆరిపోతే షార్ట్ లోపలే ఉంది. 'బోర్డు' అన్న మాట నమ్మాల్సింది అప్పుడు.

లైటు ఆరకుండా, తగ్గకుండా అలాగే ఉండి ల్యాప్‌టాప్ మాత్రం చచ్చినట్టు పడి ఉంటే.. కరెంట్ లోపలికి వెళ్లడమే లేదేమో చూడాలి. మొదటి అనుమానం జాక్ మీదే. నా ల్యాప్‌టాప్ కథ ఇదే.

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే ఇంకా పక్కాగా తెలుస్తుంది. అడాప్టర్ లేబుల్ మీద అవుట్‌పుట్ 19, 19.5 లేదా 20 వోల్టులు అని ఉంటుంది. మీటర్‌ని డీసీ 200 దగ్గర పెట్టండి. 20 దగ్గర పెడితే, 20 వోల్టుల అడాప్టర్‌కి మీటర్ ఊరికే '1' అని చూపిస్తుంది. అది అడాప్టర్ తప్పు కాదు, మీటర్ రేంజ్ దాటిపోయింది. ఎర్ర వైరు పిన్ను లోపలి గోడకి, నల్ల వైరు బయటి గోడకి తాకించాలి. రెండు వైర్ల మొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి. డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో మధ్యన సన్నటి సూది ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. అది కరెంట్ కోసం కాదు, 'నేను అసలైన అడాప్టర్‌ని, ఇన్ని వాట్లు ఇస్తాను' అని ల్యాప్‌టాప్‌కి చెప్పే తీగ. ఆ సూది వంగినా, దాని లోపలి వైరు తెగినా ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది గానీ బ్యాటరీ ఛార్జ్ అవ్వకపోవచ్చు. 'ప్లగ్‌డ్ ఇన్, నాట్ ఛార్జింగ్' అని వచ్చి, కొత్త బ్యాటరీ వేసినా ఛార్జ్ కాక తల పట్టుకునేవాళ్లు ఈ సూదిని ఒకసారి చూసుకోవాలి. టైప్-సి అడాప్టర్ అయితే మీటర్‌తో తేలదు. ల్యాప్‌టాప్‌తో 'మాట్లాడుకున్నాకే' అది 20 వోల్టులు ఇస్తుంది, అప్పటిదాకా 5 వోల్టులే. ఫోన్ ఛార్జర్ సరిగ్గా పట్టినా చాలా ల్యాప్‌టాప్‌లు దానికి లేవవు.

కొత్త అడాప్టర్ కొనేటప్పుడు వోల్టులు పాతదానితో సరిపోవాలి. వాట్లు సమానంగా ఉండొచ్చు, ఎక్కువ ఉన్నా నష్టం లేదు, తక్కువ ఉంటేనే సమస్య. 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని ఉంటే గుణించండి.. 65 వాట్లు. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మన దేశంలో పవర్ అడాప్టర్లకి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అది ఏ తయారీదారుదో కనిపిస్తుంది. షాపులో నిలబడి అర నిమిషంలో చూసుకోవచ్చు. సగం ధరకి దొరికే డూప్లికేట్‌లో ముందు మిగుల్చుకునేది లోపలి రక్షణ సర్క్యూట్ మీదే. న్యూట్రల్ తెగిన రోజు ఆ తేడా తెలుస్తుంది.

వంకరగా పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతోందా?

ఛార్జర్ వైరుని ఒక పక్కకి వంచి, కింద పుస్తకం పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఛార్జింగ్ ఎక్కుతుంది. హాస్టల్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. అది జాక్ లూజైన గుర్తు. దాన్ని అలాగే లాగించొద్దు. వదులుగా తగిలే చోట చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి, వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది, చివరికి ఆ పక్కనున్న బోర్డు కూడా నల్లబడుతుంది. రూ.600 పని అలా ఏడు వేల పని అవుతుంది. పిన్ను తీసి చేత్తో తాకితే వేడిగా ఉందా, కాలిన వాసన వస్తోందా చూడండి. వస్తే ఆ రోజు నుంచే వాడటం ఆపేయండి.

షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ మోడల్‌లో జాక్ చిన్న వైరుతో వచ్చి బోర్డుకి గుచ్చేదా, లేక బోర్డుకే టంకం వేసి ఉందా? వైరుతో వచ్చేదైతే మార్చడం చాలా తేలిక. టంకం వేసిందైతే బోర్డు మొత్తం బయటికి తీయాలి, చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. ధర తేడా ఉండటం న్యాయమే.

బ్యాటరీ: ఇక్కడ మాత్రం ఆటలొద్దు

పాత మోడళ్లలో బ్యాటరీ కింద నుంచి గొళ్లెం జరిపి ఊడదీయొచ్చు. అలాంటిదైతే బ్యాటరీ తీసేసి, అడాప్టర్ కూడా పీకేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంట్ మొత్తం ఖాళీ అవుతుంది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. లేచిందంటే దొంగ బ్యాటరీయే. బ్యాటరీ లోపలే ఉండే కొత్త మోడళ్లలో అడాప్టర్ పీకి బటన్‌ని అలాగే నొక్కి పట్టుకోండి. కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌ల కింద సూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది, పేపర్ క్లిప్‌తో నొక్కితే అదే పని చేస్తుంది. నమ్మరు గానీ, కరెంట్ పోయి వచ్చాక 'చచ్చిపోయిన' ల్యాప్‌టాప్‌లు ఈ ఒక్క పనితో లేచి కూర్చోవడం చాలాసార్లు జరుగుతుంది. షాపుకి వెళ్లే ముందు దీన్ని మాత్రం వదలకండి.

ల్యాప్‌టాప్ నడుస్తున్నా బ్యాటరీ 40 శాతం దగ్గర ఉండగానే ఠక్కున ఆగిపోతుంటే, లోపలి సెల్స్‌లో ఒకటి బలహీనపడింది. విండోస్ ఉన్నవాళ్లు దీన్ని తామే చూసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ' అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, 'బ్యాటరీరిపోర్ట్' అని కలిపి రాసి ఎంటర్ కొట్టండి. ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొన్న రోజున ఉన్న సత్తా, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు మిగిలిన సత్తా. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోతే బ్యాటరీ మార్చే టైం వచ్చింది.

ఇప్పుడు సీరియస్ విషయం. ల్యాప్‌టాప్‌ని సాఫీగా ఉన్న టేబుల్ మీద పెడితే ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా, క్లిక్ అవ్వట్లేదా? కింది మూత కీళ్ల దగ్గర విచ్చుకుందా? అయితే బ్యాటరీ ఉబ్బింది. లోపల గ్యాస్ చేరింది. ఆ క్షణమే ఆఫ్ చేసి, ఛార్జర్ పీకి, మంచానికీ దుప్పట్లకీ దూరంగా పెట్టండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, 'గ్యాస్ తీసేద్దాం' అనుకోవద్దు. ఫ్రిజ్‌లో పెడితే తగ్గుతుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ల మాట అస్సలు వినొద్దు.

ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు. 2022 ఏప్రిల్‌లో కడప జిల్లాలో ఇంటి నుంచి పని చేస్తున్న ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా పేలి మంటలు రావడంతో తీవ్రంగా కాలిపోయారు. మంచం మీద కూర్చుని పని చేసుకుంటుండగా అది జరిగింది. షార్ట్ సర్క్యూటే కారణమని అప్పుడు వార్తలొచ్చాయి. పెద్ద కంపెనీల బ్యాటరీలు కూడా దీనికి అతీతం కాదు. 2006 ఆగస్టులో సోనీ సెల్స్ వేసిన 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను డెల్ వెనక్కి పిలిచింది. 2019 జూన్‌లో యాపిల్ కూడా 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల్లో కొన్నింటిని, ముఖ్యంగా 2015 సెప్టెంబర్, 2017 ఫిబ్రవరి మధ్య అమ్మినవాటిని, బ్యాటరీ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉందని వెనక్కి తీసుకుంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ మోడల్ కొన్నవాళ్లు సీరియల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో చెక్ చేసుకోవడం మంచిది.

"పాత బ్యాటరీలోనే సెల్స్ మార్చిస్తాం, సగం ధర" అనే ఆఫర్ కూడా వినిపిస్తుంటుంది. నా అభిప్రాయం అడిగితే వద్దు. ఏ ల్యాప్‌టాప్‌లోంచి తీసిన సెల్సో, వాటికి ఎంత వయసో తెలియదు. వయసు కలవని సెల్స్‌ని పక్కపక్కన వేస్తే ఒకటి ముందే అలసిపోతుంది, దాని భారం మిగతా వాటి మీద పడుతుంది. కొత్త బ్యాటరీకి డబ్బుల్లేకపోతే, ఊడదీయగలిగే మోడల్ అయితే బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీదే నడుపుకోండి. కరెంట్ పోతే ఆగిపోతుంది, అంతే. ఉబ్బిన బ్యాటరీ పెట్టుకుని నడపడం కంటే అది వంద రెట్లు నయం. తీసిన బ్యాటరీని చెత్త బండిలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునే చోటో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో ఇవ్వాలి.

ఎండాకాలం ఆగిపోతోందంటే..

మే నెలలో నల్గొండలో 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు, పాలమూరులోనూ ఎండ తక్కువేం ఉండదు. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదు. అంటే రేకుల షెడ్‌లో, పైకప్పు కాగే గదిలో, మధ్యాహ్నం రెండింటికి ఛార్జింగ్ ఆగిపోతే.. అది రోగం కాదు, బ్యాటరీ తనని తాను కాపాడుకుంటోంది. రాత్రి పూట పెట్టి చూడండి, ఎక్కితే సమస్య వేడిదే.

ఆన్ అయి పది పదిహేను నిమిషాలు నడిచి, ఫ్యాన్ గోల పెట్టి, ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేస్తే అది కూడా వేడి సమస్యే. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే మొత్తం ఆపేస్తుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుపోయి ఉంటుంది, ప్రాసెసర్ మీద పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. శుభ్రం చేయించి పేస్ట్ మార్పిస్తే చాలావరకు తగ్గిపోతుంది. పరుపు మీద పెట్టి వాడితే మాత్రం ఎన్నిసార్లు శుభ్రం చేయించినా మళ్లీ అదే.

లైటు వస్తోంది.. స్క్రీన్ రావట్లేదు

ఇది పవర్ సమస్య కాకపోవచ్చు. క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే మెషీన్ బతికే ఉంది, డిస్‌ప్లే మాత్రమే రావట్లేదు. ఫోన్ టార్చ్‌ని స్క్రీన్ మీద ఏటవాలుగా కొట్టండి. మసకగా ఐకాన్లు కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలిపి చూస్తే ఇంకా క్లియర్‌గా తెలుస్తుంది. టీవీలో బొమ్మ వస్తే ఆ రాత్రికి పని గట్టెక్కినట్టే, టీవీ ముందు కూర్చుని ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేయొచ్చు.

క్యాప్స్ లాక్ గానీ, బ్యాటరీ లైటు గానీ ఒక లెక్క ప్రకారం మిణుకుమిణుకుమంటుంటే దాన్ని వీడియో తీయండి. ఎన్నిసార్లు ఏ రంగులో వెలుగుతోందో లెక్కపెట్టి, మీ మోడల్ పేరుతో కంపెనీ సపోర్ట్ పేజీలో వెతికితే ర్యామ్ సమస్యా, ప్రాసెసర్ సమస్యా అని రాసి ఉంటుంది. ర్యామ్ అయితే తీసి, పిన్నుల్ని పెన్సిల్ రబ్బర్‌తో మెల్లగా తుడిచి మళ్లీ పెట్టడంతోనే చాలా ల్యాప్‌టాప్‌లు లేస్తాయి. కవర్ విప్పడం రాకపోతే షాపులో చేయించుకోండి.

నిజంగానే బోర్డు అయితే?

అయినా కథ అయిపోలేదు. 'బోర్డు మార్చడం' వేరు, 'బోర్డు రిపేర్' వేరు. బోర్డు మీద షార్ట్ అంటే చాలాసార్లు బియ్యపు గింజ కంటే చిన్న కెపాసిటర్ ఒకటి కాలి ఉంటుంది. చిప్ లెవల్ పని చేసేవాళ్లు బోర్డుకి కొద్దిగా కరెంట్ ఇచ్చి, ఏ భాగం వేడెక్కుతోందో పట్టుకుని, దాన్ని ఒక్కదాన్నే మారుస్తారు. నల్గొండ, మహబూబ్‌నగర్.. రెండు ఊళ్ల నుంచీ హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, ఇలాంటి పనులకి ఎప్పటి నుంచో పేరున్న మార్కెట్. అయితే ఇంటి దగ్గర అడాప్టర్, జాక్, బ్యాటరీ పరీక్షలు చేయకుండా బస్సెక్కితే ఛార్జీలు దండగ.

రిపేర్ ఖర్చు అదే రకం సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటుతుంటే మాత్రం నేనైతే ఆలోచిస్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్ మీద ఏడెనిమిది వేలు పెట్టే ముందు అది కూడా లెక్కలోకి రావాలి.

ఏది పోయినా, మీ ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు దాదాపు ఎప్పుడూ పోవు. అవి ఉండేది హార్డ్ డిస్క్‌లోనో, ఎస్‌ఎస్‌డీలోనో. దాన్ని బయటికి తీసి, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే కనిపిస్తాయి. డిస్క్‌కి లాక్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది, అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉన్న పల్చటి మోడళ్లలో మాత్రం ఇది కుదరదు.

షాపుకి ఇచ్చేటప్పుడు వీలైతే ఆ డిస్క్ మీ దగ్గరే ఉంచుకోండి. అడాప్టర్ మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, అది లేకుండా సగం పరీక్షలు కావు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్, ర్యామ్ ఎంతుందో రసీదు మీద రాయించుకోండి. ఏ భాగం మార్చినా పాతది వెనక్కి ఇమ్మని ముందే చెప్పండి. 'బోర్డు పోయింది' అంటే గొడవ పడక్కర్లేదు.. "అడాప్టర్ లైటు ఆరుతోందా అన్నా?" అని అడిగి చూడండి. బిల్లు ఇవ్వకపోయినా, మార్చని భాగానికి డబ్బులు తీసుకున్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.